నీళ్ళు మట్టానికొచ్చిన రోజు

పొద్దున్నే పాలు కాచేటప్పుడు ఆ కొండ మీద ఎవరూ గిన్నె నిండా పొయ్యరు. కొండవైపు అంచుకి కాస్త వెలితి ఉండగానే ఆపేస్తారు. పాలైనా నీళ్ళైనా అక్కడ వాలుగానే నిలుస్తాయి. గ్లాసులో నీళ్ళు కొండవైపు ఎత్తుగా, రోడ్డువైపు పల్లంగా ఉంటాయి. బకెట్లోనూ అంతే, తొట్టిలోనూ అంతే. పైవీధి డాక్టరు గారింట్లో గాజుపెట్టెలో చేపలు కూడా ఏటవాలుగానే ఈదుతాయి. అక్కడ పుట్టినవాళ్ళు తాగే ముందు గ్లాసుని చిన్నగా తిప్పి, కొండవైపు అంచుకి పెదవి ఆనిస్తారు. కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళు కొన్నాళ్ళు బట్టలు తడుపుకుని, తర్వాత వాళ్ళూ అలాగే తిప్పుతారు.

ఊరు అయిపోయే చోట ఉత్తరాన అడ్డంగా పడుకున్న కొండవరస అది. అవతలి పక్క నిలువునా తెగిన బండ, మేక కూడా ఎక్కలేదు. ఇవతలి పక్క నింపాదిగా దిగే వాలు. ఆ వాలు మీద ఒకదాని కింద ఒకటి పైవీధి, నడివీధి, కిందివీధి, వాటిని కలుపుతూ రాతిమెట్లు, అన్నిటికీ అడుగున బస్సుల రోడ్డు. ఒకప్పుడు అదంతా సముద్రం అడుగున బురద. బురద మీద ఇసుక, ఇసుక మీద బురద పేరుకుని రాయైపోయాయి. ఆ తర్వాతెప్పుడో భూమి ఒక పక్క లేస్తే పొరలన్నీ రోడ్డువైపు ఒరిగాయి. పెరట్లో జామమొక్కకి గుంట తవ్వినా ఆ పొరలు కనిపిస్తాయి. నీళ్ళు వాటి వాలునే పట్టుకుని నిలుస్తాయి. బస్టాపు దాటి అవతలికి తీసుకెళ్తే అవే నీళ్ళు బుద్ధిగా అందరి నీళ్ళలాగే ఉంటాయి.

బయటి మేస్త్రీలు సన్నటి గొట్టంలో నీళ్ళు పోసి మట్టం చూస్తారు. ఈ కొండ మీద అలా చూసి కట్టిన ఇల్లొకటి ఉంది. దాని హాల్లో గోళీ వదిలితే వీధిగుమ్మం దాటేదాకా ఆగదు. అందుకని కొండ మేస్త్రీ గొట్టం ముట్టుకోడు. దారానికి గుండు వేలాడదీసి, దానికి మూలమట్టం ఆనించి చూసుకుంటాడు.

ఈ మేస్త్రీకి పక్కిల్లే కళ్ళజోళ్ళాయనది. కిందివీధిలో చివరి ఇల్లు. ఆయన దుకాణం రోడ్డు మీద, బస్టాపు ఎదురుగా ఉండేది. కొండ మీద సగం ముక్కుల మీద ఆయన పెట్టిన అద్దాలే ఉండేవి. అయినా ఎవరూ ఆయన్ని కళ్ళజోళ్ళాయన అనేవాళ్ళు కాదు, గుబులు అనేవాళ్ళు. గుబులుకి గ్యాస్ సిలిండరంటే భయం, లిఫ్టంటే భయం, పళ్ళ డాక్టరంటే భయం. వేళ కాని వేళ ఫోన్ మోగితే ఎత్తే ముందు కుర్చీ వెతుక్కుని కూర్చునేవాడు. మెట్లు దిగేటప్పుడు కమ్మీ వదిలేవాడు కాదు. "గుబులొస్తున్నాడు, కుక్కని లోపల కట్టెయ్యండి, దానికీ అంటుకుంటుంది" అని మేస్త్రీ కేకేసేవాడు. గుబులు కూడా నవ్వేవాడు. తన భయాల్లో నిజమైనది ఒక్కటీ లేదని ఆయనకీ తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

ఆయన భార్య పైవీధి బళ్ళో భూగోళం చెప్పే టీచరమ్మ. ఆవిడకి దేనికీ భయం లేదు. ఒకే ఇంట్లో ఇద్దరికీ సరిపడా భయం ఆయనే పడుతున్నాడని ఆవిడ నమ్మకం.

ఇంట్లో మూడో మనిషి ఆవిడ తల్లి. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక కూతురి దగ్గరికి వచ్చి ఉండిపోయింది. పెద్దావిడది బల్లపరుపుగా ఉండే ఊరు. వచ్చి ఇన్నేళ్ళయినా ఈ వంకర నీళ్ళతో ఆవిడకి పొత్తు కుదరలేదు. ఆవిడకి గ్లాసు నిండా ఉండాలి. వెలితి గ్లాసు ముష్టిచ్చినట్టుంటుందని గొడవ. నిండా పోసుకునేది, రోజూ ఒళ్ళో ఒలకబోసుకునేది, రోజూ కొండని తిట్టేది.

ఆ ఏడు కింద రోడ్డు వెడల్పు చెయ్యడం మొదలుపెట్టారు. పెద్ద మెషీన్ వచ్చి కొండ పాదాన్ని గోడలా నిలువునా చెక్కేసింది. గుబులు దుకాణంలో కూర్చుంటే ఎదురుగా అదే. ఎరుపు పొరా పసుపు పొరా ఒకదాని మీదొకటి ఒరిగి ఉన్నాయి. వాటి మధ్యలో మాత్రం బూడిదరంగు చార ఒకటి, ఎప్పుడు చూసినా తడిగా మెరుస్తూ ఉండేది. అద్దాలు తుడుస్తూ తుడుస్తూ ఆయన దాన్నే చూసేవాడు.

"ఆ చారేమిటి?" అని ఒక సాయంత్రం భార్యని అడిగాడు.

"బంకమన్ను. పొరల మధ్యన ఉంటుంది."

"తడిగా ఉంటోంది."

"వాన నీళ్ళు లోపలికి దిగి అక్కడ ఆగుతాయి. మరి తడవదా?" ఆవిడ కడిగిన కంచాలు నాలుగు తీసి బల్ల మీద ఏటవాలుగా పేర్చి, కింద అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఇదీ మన కొండ. ఈ చెయ్యే కొండ పాదం. చెయ్యి తీస్తే?"

"జారతాయి."

"అంతే" అని కంచాలు సర్దేసి పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి వెళ్ళిపోయింది. రోజూ చెప్పే పాఠమే ఆవిడకి. ఆ కంచాల్లో ఒకదాని మీద తన ఇల్లుందన్నది పాఠంలో లేదు. ఆయన మాత్రం బల్ల మీద చెయ్యి ఉన్న చోటునే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ముసురు విడవలేదు. రోడ్డు పనివాళ్ళు మెషీన్ తీసుకుని వెళ్ళిపోయారు. చెక్కిన గోడ అలాగే ఉండిపోయింది.

అలాంటి ఒక పొద్దున పెద్దావిడ వంటింట్లోంచి పిలిచింది. "అమ్మాయ్, ఇలా రా. అల్లుడుగారూ, మీరు కూడా రండి."

బల్ల మీద ఆవిడ గ్లాసు అంచుల దాకా నిండుగా ఉంది. చుట్టూ ఒక్క చుక్క ఒలకలేదు. నీళ్ళు అద్దం పరిచినట్టు మట్టంగా ఉన్నాయి.

"చూశారా? ఇన్నాళ్ళకి దీనికి బుద్ధొచ్చింది" అంది పెద్దావిడ. గ్లాసెత్తి ఏ పక్కకీ తిప్పకుండా తాగింది. ఒళ్ళు తడవలేదు. ఆవిడ మొహంలో అంత సంతోషం కూతురు కూడా చూసి ఎన్నేళ్ళయిందో.

కాసేపట్లో కిందివీధంతా తెలిసింది. అన్ని ఇళ్ళలోనూ అంతే. బకెట్లు మట్టం, బిందెలు మట్టం. పైవీధి వాళ్ళు గొడుగులేసుకుని చూడడానికొచ్చారు. "అదృష్టమంటే మీదే" అని కుళ్ళుకున్నారు కూడా. మేస్త్రీ అటక మీంచి ఎప్పటిదో గొట్టం తీయించి, నీళ్ళు పోసి, రెండు చివర్లూ చూసి మురిసిపోయాడు. "ఇంక గుండుతో పనిలేదు. మనమూ నాగరికులమైపోయాం" అన్నాడు.

గుబులు తన గ్లాసులో నీళ్ళ వంక చూశాడు. ఆయనకి తెలిసిన భయాలన్నీ గోల చేసేవే. గుండె కొట్టుకునేది, చెమట పట్టేది, అందరూ నవ్వేవాళ్ళు, ఆయనా నవ్వితే పోయేది. ఈ భయం అలా లేదు. ఊరికే లోపల కూర్చుంది. ఎవరితోనైనా చెబుదామని నోరు తెరిచాడు. మేస్త్రీ అప్పటికే నవ్వడానికి సిద్ధంగా ఉండడం చూసి మూసుకున్నాడు.

ఆ పూట ఆయన దుకాణం తియ్యలేదు. గ్లాసులో నీళ్ళు పోసుకుని, గొడుగు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ నిండిపోయాయి, కమ్మీ పట్టుకోవడానికి మిగల్లేదు. అయినా ఎక్కాడు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి నీళ్ళు చూశాడు. మట్టం, మట్టం, మట్టం. మెట్ల పక్కనున్న వీధి కుళాయి దాటాక ఒక మెట్టు మీద కాలు పెట్టగానే గ్లాసులో నీళ్ళు కొండవైపుకి ఒరిగాయి. వెనక్కి దిగాడు, మట్టానికొచ్చాయి. ఎక్కాడు, ఒరిగాయి.

జేబులో అద్దాల మీద గుర్తులు పెట్టే మైనం పెన్సిలుంది. ఆ మెట్టు మీద అడ్డంగా గీత గీశాడు. తర్వాత మెట్లు వదిలి పక్కకి నడిచాడు, పిండిమర వెనక నుంచి, ఖాళీ స్థలంలో తుప్పల మధ్య నుంచి, గోడల మీదా రాళ్ళ మీదా గీతలు పెట్టుకుంటూ. వానలో ఒక మనిషి గ్లాసులోకి చూసుకుంటూ తిరుగుతుంటే కిటికీల్లోంచి అందరూ చూశారు. గుర్తులన్నీ కలిపి చూసుకుంటే కిందివీధి పైన నెలవంకలా ఒక గీత వచ్చింది. రెండు కొనలూ రోడ్డు దాకా దిగాయి. గీత లోపల కిందివీధి మొత్తం ఉంది. వాళ్ళ ఇల్లు సరిగ్గా నడుమనుంది.

వాన వల్ల ఒంటిపూటే నడిచిన బడికి తాళాలేసి, మధ్యాహ్నం భోజనానికి దిగొస్తున్న టీచరమ్మ మెట్ల మీదే ఆయన్ని పట్టుకుంది.

"ఏవండీ, కొట్టు కట్టేసి గ్లాసు పట్టుకుని తిరుగుతున్నారట. మా స్టాఫ్ రూమ్ దాకా వచ్చేసింది."

"ఒక్కసారి ఇక్కడ నిలబడు. తర్వాత నవ్వుకో."

ఆవిడ గ్లాసు తీసుకుంది. గీతకి ఇవతల, గీతకి అవతల. మళ్ళీ ఒకసారి. తర్వాత గొడుగు పక్కన పడేసి, మెట్టు పక్కన బయటపడ్డ రాతిని వంగి చూసింది. పొరలు ఎప్పటిలాగే ఒరిగి ఉన్నాయి, గీతకి పైనా అదే వాలు, కిందా అదే వాలు.

"రాయి మారలేదు" అంది నెమ్మదిగా. "నీళ్ళే మారాయి."

"అంటే?"

"నీళ్ళు ఇంతకాలం కొండని పట్టుకుని ఒరిగాయి. ఇక్కణ్ణుంచి కిందికి వాటికి పట్టుకోవడానికి కొండ లేదు. ఇది విడిపోయింది. ఊరికే ఆనుకుని ఉంది."

"మన ఇల్లో?"

ఆవిడ చేతిలో గ్లాసు వణికింది. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన ఆ చెయ్యి వణకడం చూడలేదు. తన భయం కంటే అది చూసి ఎక్కువ భయపడ్డాడు.

"నువ్వు భయపడకు. నువ్వు కూడా భయపడితే నేనేం కావాలి?" అన్నాడు.

టీచరమ్మ ఇంటింటికీ వెళ్ళింది. గుబులు చెబితే తలుపు కూడా తియ్యనివాళ్ళు టీచరమ్మ చెబితే సంచులు సర్దుకున్నారు. సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. ఇప్పటికీ ఆవిడ గొంతు పెంచితే చేతులు కట్టుకుంటారు. గొణుక్కుంటూ, పరుపులు నెత్తిన పెట్టుకుంటూ, పిల్లల్నీ కోళ్ళనీ లాక్కుంటూ బడికి ఎక్కారు. చెక్కిన గోడ చూసొస్తానని మేస్త్రీ కిందికి దిగాడు. తిరిగొచ్చేటప్పటికి మొహంలో నవ్వు లేదు. "చారలోంచి బురద వస్తోంది, టీచరమ్మా" అని మాత్రం చెప్పి, ఎర్ర దుప్పటి భుజాన వేసుకుని రోడ్డు మీద బస్సులు ఆపడానికి వెళ్ళాడు.

వీధి మొత్తానికి చెప్పగలిగిన టీచరమ్మ కన్నతల్లికి చెప్పలేకపోయింది. పెద్దావిడ కుర్చీలోంచి లేవలేదు. "నువ్వు కూడా అల్లుడిలాగే తయారయ్యావా? ఇన్నేళ్ళకి నాకు సుఖంగా నీళ్ళు తాగే యోగం పట్టింది. ఇవాళే పొమ్మంటారా?" టీచరమ్మ బతిమాలింది, కేకలేసింది, ఏడ్చింది కూడా. బళ్ళో అప్పటికే అంత మంది జనం చేరారు, గదులు తెరిచేవాళ్ళు లేరు, తాళాలు ఆవిడ దగ్గరే ఉన్నాయి. "తాళాలిచ్చేసి ఇప్పుడే వస్తాను. వచ్చి మోసుకెళ్తాను" అని పరిగెత్తింది. గుబులు కూడా ఆవిడ వెనకే, రెండు చేతుల్లో రెండు సంచులతో.

గీత దగ్గర ఆయన ఆగిపోయాడు. పొద్దున పెన్సిల్తో గీసిన గీత ఇప్పుడు పగులు. వెంట్రుకంత సన్నగా మొదలై, ఆయన చూస్తుండగానే వేలు దూరేంత అయింది. వాన నీళ్ళు చప్పుడు లేకుండా అందులోకి దిగిపోతున్నాయి.

పైకి చూశాడు. భార్య మలుపు తిరిగి కనిపించడం లేదు. ఆవిడ తిరిగొచ్చేదాకా ఇది ఆగుతుందా? కాళ్ళు పైకి వెళ్దామంటున్నాయి, ఒళ్ళంతా పైకి వెళ్దామంటోంది. జన్మలో ఎప్పుడూ ఏ భయం మాటా కాదనని మనిషి సంచులు అక్కడే వదిలేసి కిందికి దిగాడు.

"అత్తయ్యా, రండి. వీపు మీద ఎక్కించుకుంటాను."

"మీరు భయపడినప్పుడల్లా లేస్తే నేను రోజుకెన్నిసార్లు లేవాలి, అల్లుడుగారూ?"

"అది నిజమే. ఈ ఒక్కసారికి లేవండి."

"లేవను."

గుబులు ఏం చెయ్యాలో తోచక ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అయితే నేనూ వెళ్ళను. ఇక్కడే కూర్చుంటాను. నాకు చాలా భయంగా ఉంది. ప్రాణం పోతున్నంత భయంగా ఉంది. అయినా మిమ్మల్ని వదిలేసి వెళ్ళి అమ్మాయికి నా మొహం ఎలా చూపించను?"

పెద్దావిడ ఆయన వంక విసుగ్గా చూసింది. మధ్యన బల్ల మీద ఆవిడ గ్లాసు నిండుగా ఉంది. అది టకటకమని చిన్నగా చప్పుడు చేస్తోంది.

"ముందు ఆ బల్ల మీంచి చేతులు తియ్యండి. మీ వణుకుకి నా నీళ్ళు ఒలికేలా ఉన్నాయి."

ఆయన చేతులు రెండూ ఎత్తి చూపించాడు. అవి ఇందాకటి నుంచీ ఒళ్ళోనే ఉన్నాయి.

గ్లాసు ఆగలేదు. గోడకి తగిలించిన గరిటెలు కూడా మొదలుపెట్టాయి. అటక మీద ఏదో సీసా దొర్లింది. పెద్దావిడ మొహంలో రంగు దిగిపోయింది. చివరికి, "వంగండి" అంది.

ఆయన వంగాడు. ఎక్కే ముందు ఆవిడ చెయ్యి చాచి గ్లాసు తీసుకుంది.

"ఎందుకత్తయ్యా అది?"

"ఇన్నేళ్ళకి దక్కింది. వదిలేసి రమ్మంటారా? మీరు నడవండి."

వాదించే ఓపిక ఆయనకి లేదు. ఆవిడ ఒక చెయ్యి ఆయన మెడ చుట్టూ వేసింది, రెండో చేత్తో గ్లాసు ఆయన తల వెనక పట్టుకుంది. గుమ్మం దాటాడు. గుమ్మం పొద్దున ఉన్న చోట లేదు, కాస్త పక్కకి జరిగింది. వీధిలో కరెంటు స్తంభాలు తలొక పక్కకీ చూస్తున్నాయి. మెట్లు ఎక్కుతుంటే కాలి కింద మెట్టు వెనక్కి పోతున్నట్టనిపించింది. నిజంగానే పోతోంది. రెండు మెట్లెక్కితే ఒక మెట్టు ఎక్కినట్టవుతోంది. కమ్మీ అందలేదు, అందినా పట్టుకునే చెయ్యి లేదు. కింద దూరంగా రోడ్డు మలుపు దగ్గర మేస్త్రీ గొంతు చించుకుని బస్సుల మీద అరుస్తున్నాడు.

"వెనక్కి చూడకండి" అంది పెద్దావిడ చెవి దగ్గర. ఆవిడ చూస్తోందని ఆ గొంతులోనే తెలిసింది.

వాన కళ్ళజోడు మీద కొట్టి కళ్ళు కనపడకుండా చేసింది. ఊరందరికీ చూపిచ్చిన మనిషికి తన కాలు ఎక్కడ పడుతోందో తెలియడం లేదు. కుళాయి తగిలింది మోకాలికి. అంటే దగ్గరే. పగులెంత వెడల్పయిందో, ఎక్కడుందో కనిపించదు. కాలు చాచి తడిమాడు, ఖాళీ. ఇంకా చాచాడు, ఇంకా ఖాళీ. ఆ క్షణంలో ఆయనకి భయం తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆ భయమంతా కలిపి ముందుకి దూకాడు. మోకాళ్ళ మీద పడ్డాడు.

ఎక్కడ పడ్డాడో తెలియలేదు. అవతలా? ఇవతలా? కింద రాయి కదులుతోందో తన ఒళ్ళే వణుకుతోందో తెలియలేదు. కళ్ళు మూసుకుని ఆవిడ కాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు మెడ మీద చల్లగా, వాన కాదు, వానకంటే చల్లగా, గ్లాసులోని నీళ్ళు కొండవైపు అంచు దాటి ధారగా పడి చొక్కాలోకి దిగాయి.

ఆయన అలాగే రాతికి నుదురు ఆనించి ఏడ్చాడు. వెనకాల పెద్ద లారీ లోడు దింపుతున్న చప్పుడు మొదలై, ఎంతకీ ఆగకుండా, కిందికి కిందికి వెళ్ళిపోయింది. పైనుంచి టీచరమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తోంది.

పెద్దావిడ ఆయన వీపు మీదే ఉంది. వెనక్కి చూడడం మానేసి చేతిలో గ్లాసు వంక చూసుకుంటోంది. అడుగున ఇంకా కాసిని నీళ్ళున్నాయి, కొండవైపుకి ఒరిగి.

"మళ్ళీ వంకరైపోయాయి" అంది. గ్లాసుని చిన్నగా తిప్పి, కొండవైపు అంచుకి పెదవి ఆనించి ఒక గుక్క తాగింది. మిగిలిన గుక్క అల్లుడికిచ్చింది.